కైమా జట్టులో మైలో

కార్బిన్ ఫెర్రీ హైస్కూల్ తరఫున మైలో డ్రాబిక్ ఒక్క ఆట కూడా ఆడలేదు. అయినా మూడేళ్లు ఆ స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడు. మూడేళ్లూ హెల్మెట్ పెట్టుకున్నాడు, భుజాలకు మెత్తలు కట్టుకున్నాడు, పళ్ల మధ్య రబ్బరు ముక్క కరిచిపట్టుకున్నాడు. ఇదంతా సోమవారం నుంచి గురువారం దాకా జరిగే సాధనలోనే. శుక్రవారం సాయంత్రం ఆటకి దీపాలు వెలిగి, బ్యాండు మోగి, ఊరంతా మైదానం చుట్టూ చేరేసరికి వాడి చేతిలో నీళ్ల క్యాన్లు ఉండేవి.

వాడి అక్క లుద్మిలని అందరూ లూడీ అనేవారు. తమ్ముడికంటే నాలుగేళ్లు పెద్దది. స్కూలు అయిపోగానే వంతెన దగ్గరి బేకరీలో పనికి కుదిరింది. పని దిగి కొండమీది ఇంటికి ఎక్కాలంటే స్కూలు మైదానం కంచె పక్కనుంచే దారి. ఓహైయో నది మీదుగా ఫ్యాక్టరీ పొగ వచ్చి ఆ గడ్డి మీద బూడిదలా పడుతుండేది. ఆ బూడిదలోనే రోజూ సాయంత్రం కుర్రాళ్లు ఒకరినొకరు గుద్దుకోవడం చూస్తూ ఇంటికి పోయేది.

బుధవారం సాధన అన్నిటికంటే మోటుగా ఉండేది. రెండు ఇసక బస్తాలు నేలమీద వేసి, వాటి మధ్య సన్నటి సందు వదిలేవారు. ఆ చివర బంతి పట్టుకుని డేల్ ఓస్విక్, ఈ చివర మైలో. డేల్ ఆ ఊరి ముద్దుబిడ్డ, ఆంబోతులాంటి వాడు. మైలోని తడిపి తూచినా అరవై కిలోలు ఉండడు. కోచ్ టగెట్ ఈల వేసేవాడు.

"తలెత్తొద్దు! తలొంచు! పొట్టేలు కుమ్మినట్టు కుమ్మాలిరా, ఆ హెల్మెట్ ఎందుకు కొనిచ్చాం మీకు, టోపీ అనుకున్నారా?"

ఇద్దరూ పరిగెత్తుకొచ్చేవారు. కొబ్బరికాయ బండకేసి కొట్టినట్టు చప్పుడయ్యేది. మైలో వెల్లకిలా పడేవాడు. కోచ్ వచ్చి వాడి మొహం మీదకి వంగి వేళ్లు చూపించేవాడు.

"ఎన్ని?"

"రెండు, కోచ్."

"శభాష్. లే. ఇంకోటి!"

శుక్రవారం ఆడే పదకొండుమందికి పదును పెట్టడానికి మైలోలాంటి వాళ్లు ఏడెనిమిది మంది ఉండేవారు. కుర్రాళ్లు వాళ్లని 'కైమా జట్టు' అనేవారు. ఎంత కొడితే అంత మెత్తబడే సరుకని. ఒక్కో ఏడూ సగంమంది మానేసేవారు. మైలో మానలేదు. వాడి గురించి కోచ్ ఊళ్లో చెప్పే మాట ఒక్కటే: "పడితే లేస్తాడు."

ఎందుకు మానలేదంటే, ఆ ఊళ్లో జట్టులో లేని మగపిల్లాడి పేరు ఎవరూ అడగరు. వాళ్ల నాన్న ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ బట్టీల దగ్గర పనిచేసేవాడు. ఇంట్లో పెదవి విప్పేవాడు కాదు. కానీ డ్యూటీ దిగి బారులో కూర్చున్నప్పుడు, పక్కవాడు తన కొడుకు గురించి గొప్పలు పోతుంటే, "మావాడూ జట్టులోనే ఉన్నాడు" అనేవాడట. ఆ మాట ఎవరో వచ్చి మైలోకి చెప్పారు. అంతే, ఆ తర్వాత వాణ్ణి మైదానంలోంచి లాగాలంటే క్రేను తేవాల్సిందే.

రెండో ఏడు అక్టోబరులో ఒక బుధవారం, డేల్ కొట్టిన దెబ్బకి మైలో కాసేపు లేవలేదు. తర్వాత లేచాడు, సాధన పూర్తి చేశాడు, బట్టలు మార్చుకుని బయల్దేరాడు. చీకటి పడే వేళకి ఇంటికి రాలేదు. లూడీ వెతుక్కుంటూ వెళ్తే ఏటి ఒడ్డున పాత కాలనీలో దొరికాడు. వాళ్లు ఎప్పుడో చిన్నప్పుడు ఖాళీ చేసిన ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు. లోపలున్న ఇటాలియన్ ముసలమ్మ కిటికీలోంచి భయంభయంగా చూస్తోంది.

"ఇక్కడేం చేస్తున్నావురా?"

"తాళం పట్టడం లేదక్కా. అమ్మ తాళం మార్చిందా?"

ఇంటికి తీసుకొచ్చాక మొహం కడుక్కుంటూ వాంతి చేసుకున్నాడు. అమ్మ వెనిగర్ తడిపిన గుడ్డ నుదుటికి చుట్టి, నూడుల్సూ క్యాబేజీ వేయించి పెట్టి, తినిపించి పడుకోబెట్టింది. నాన్న తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసి వెళ్లిపోయాడు.

మర్నాడు లూడీ బేకరీలో గంట ముందే పని దిగి, పిండి అంటిన ఏప్రన్‌తోనే మైదానంలోకి నడిచింది. ఆడపిల్ల గీత దాటి లోపలికి రావడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. కుర్రాళ్లు ఈలలు వేశారు.

"కోచ్ గారూ, మా తమ్ముడు నిన్న ఇంటికి దారి మరిచిపోయాడు."

"ఎవరమ్మా మీ తమ్ముడు?"

"మైలో. మైలో డ్రాబిక్."

"ఓ, మన మైలోనా! బంగారంలాంటి కుర్రాడు. పడితే లేస్తాడు."

"నిన్న లేచి ఎటు పోయాడో తెలుసా మీకు? ఎప్పుడో వదిలేసిన ఇంటికెళ్లి తలుపు కొట్టాడు. రాత్రంతా కక్కుతూనే ఉన్నాడు."

కోచ్ టగెట్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదది. తన సొంత కూతురితో కూడా అలాగే నవ్వి ఉంటాడు. "కళ్లు బైర్లు కమ్మాయి, అంతే. మా రోజుల్లో ఇంతకు పదింతలు తిన్నాం. చూడు, నేనేమన్నా పోయానా?"

"డాక్టరుకి చూపించరా? మీకు డాక్టరున్నాడు కదా, గీత పక్కనే నిలబడతాడు, తెల్ల టోపీ ఆయన."

"ఆయన ఆటరోజు వస్తాడమ్మా. ఆడే పిల్లల కోసం."

"మరి మావాడు?"

"మీవాడు ఆడడు కదా."

అందులో ఎకసెక్కం ఏమీ లేదు. రెండూ రెండూ నాలుగు అన్నట్టు చెప్పాడు. లూడీ వెనక్కి తిరిగి నడిచొస్తుంటే హెల్మెట్ జాలీలోంచి తమ్ముడి కళ్లు తనని చూస్తున్నాయి. ఆ సాయంత్రం వాడు అన్నం బల్ల దగ్గర ఎగిరిపడ్డాడు.

"నిన్నెవరు రమ్మన్నారే? పరువు తీసేశావు కదా! 'మైలో, మీ ఆయా రాలేదా ఇవాళ' అంటున్నారందరూ."

"ఒరేయ్, నీకు కనబడకపోయినా వేళ్లు రెండని చెబుతున్నావు కదూ?"

మైలో గతుక్కుమన్నాడు. తర్వాత వాడికే నవ్వొచ్చింది. "కోచ్ ఎప్పుడూ రెండే చూపిస్తాడక్కా. అది అందరికీ తెలుసు."

నాన్న కూడా నవ్వాడు. ఆ ఇంట్లో నాన్న నవ్వడం అరుదు. దాంతో లూడీ నోరు మూసుకుంది. ఆ పూట నాన్న నవ్వకపోతే తను ఇంకా గట్టిగా పోట్లాడేదాన్నేమోనని చాలా ఏళ్ల తర్వాత కూడా అనుకునేది.

మూడో ఏడు కార్బిన్ ఫెర్రీ రాష్ట్ర ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఫైర్ ఇంజన్లు సైరన్లు మోగిస్తూ జట్టుని ఊళ్లోకి తెచ్చాయి. ఆడినవాళ్లకి తోలు చేతుల జాకెట్లు ఇచ్చారు. విందులో కోచ్ లేచి, గ్లాసు పట్టుకుని, "డేల్‌ని ఇంత పదునుగా ఎవరు చేశారనుకుంటున్నారు? నేను కాదు. సానరాయి అక్కడ కూర్చుంది చూడండి. మైలో, లేచి నిలబడు!" అన్నాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. డేల్ వచ్చి వాటేసుకున్నాడు. మైలో ఆ మాట బతికినన్నాళ్లూ చెప్పుకున్నాడు. సానరాయి అరిగిపోతుందన్న సంగతి మాత్రం ఆ హాల్లో ఎవరికీ తట్టలేదు.

స్కూలయ్యాక ఫ్యాక్టరీలో చేరాడు. రెండేళ్లకు, ఆటలో హెల్మెట్‌తో కుమ్మకూడదని దేశమంతటా నియమం వచ్చింది. ఎక్కడెక్కడో పిల్లలు మెడలు విరిగి మంచాన పడ్డారట. బారులో కోచ్ టగెట్ బల్ల గుద్ది, "ఇక కుర్రాళ్లకి గౌన్లు తొడిగి పంపండి!" అన్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది మైలోయే.

అప్పటికే వాడికి తలనొప్పులు మొదలయ్యాయి. వెలుతురు పడేది కాదు. పగలే కర్టెన్లు వేసుకునేవాడు. ఊరికే కోపం వచ్చేది. పెళ్లయింది, ఆ అమ్మాయి మంచిదే. ఒకరోజు చారు చల్లారిందని గిన్నె గోడకేసి కొట్టాడు. మరోరోజు గిన్నె తగిలిన గోడ ఆమెకి మరీ దగ్గరైంది. ఆమె పెట్టె సర్దుకుని పుట్టింటికి పోతూ లూడీతో, "అతను చెడ్డవాడు కాదు వదినా. లోపల ఇంకెవరో ఉన్నారు. వాళ్లతో నేను కాపరం చేయలేను" అంది.

ఫ్యాక్టరీ మూతపడ్డాక స్కూలు వాళ్లు మైలోకి మైదానం పని ఇచ్చారు. గడ్డి కోయడం, సున్నంతో గీతలు గీయడం, శుక్రవారం దీపాలు వేయడం. ఎంత ఇష్టంగా చేసేవాడో! దారం కట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ఒంటి కన్నుతో చూసుకుంటూ గీతలు గీసేవాడు. దీపాల వెలుగు భరించలేక రాత్రి ఆటకి కూడా నల్లకళ్లద్దాలు పెట్టుకునేవాడు. కుర్రాళ్లు వాణ్ణి 'సినిమా స్టార్' అని పిలిచేవారు. ఈలోగా పెళ్లయి వేరే ఇంట్లో ఉన్న లూడీ, భర్త పోయాక తమ్ముడి దగ్గరికే వచ్చేసింది. అప్పుడు గానీ వాడి సంగతి పూర్తిగా తెలియలేదు. అలమర తలుపు తీస్తే రొట్టెకి రాసుకునే ఆవాల ముద్ద సీసాలు వరసగా ఉన్నాయి, ఒక్కటీ మూత తీసింది కాదు. దుకాణానికి వెళ్లిన ప్రతిసారీ ఇంట్లో అది లేదనుకుని కొంటున్నాడు.

ఇంకా కొన్నేళ్లకు రాష్ట్రంలో కొత్త చట్టం వచ్చింది. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే చాలు, కుర్రాణ్ణి ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదు, డాక్టరు రాసివ్వందే తర్వాతా ఆడనివ్వకూడదు. సాధనలో ఒకరినొకరు గుద్దుకోవడానికి కూడా వారానికి ఇంతని కొలత పెట్టారు. కొత్త కోచ్ ట్రెంట్ చిన్నవాడు, మర్యాదస్తుడు. ఊళ్లోవాళ్ల చందాలతో ఒక యంత్రం తెప్పించాడు. మనిషి ఎత్తున్న స్పాంజి బొమ్మ, కింద మోటారు. దూరం నుంచి మీటలతో నడిపితే మైదానమంతా పరిగెడుతుంది. కుర్రాళ్లు దాన్ని గుద్ది పడేస్తే తనంతట తనే లేచి నిలబడుతుంది. దాని బాగోగులు మైలోకి అప్పగించారు.

"వాన పడితే వెంటనే టార్పాలిన్ కప్పాలి మిస్టర్ డ్రాబిక్. చలికాలం బయట ఉంచకండి. లోపల సున్నితమైన సామగ్రి ఉంది, దెబ్బతింటే బాగుచేయడం కష్టం" అన్నాడు ట్రెంట్.

"అలాగే కోచ్, కంటికి రెప్పలా చూసుకుంటా" అన్నాడు మైలో.

ఇంటికొచ్చి ఆ మాటలు అక్కకి మురిసిపోతూ చెప్పాడు. "పడితే లేస్తుందక్కా, అచ్చం నాలాగే!" లూడీ చేతిలోని గరిట సింకులోకి విసిరికొట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. వాడికి అర్థం కాలేదు. పాపం, వెనకాలే వచ్చి, "నేనేమన్నానే?" అని అడిగాడు.

ఆ తర్వాతే డేల్ ఓస్విక్ వ్యవహారం. డేల్‌కి అప్పటికి పెద్ద ఫర్నిచర్ దుకాణం ఉంది. కొంతకాలంగా లెక్కలు తప్పుతున్నాడనీ, కొడుకుని తమ్ముడి పేరుతో పిలుస్తున్నాడనీ ఊళ్లో గుసగుస. పేపర్లలో పెద్ద పెద్ద ఆటగాళ్ల మెదళ్లు దెబ్బలకి పాడవుతున్నాయని వార్తలు వస్తున్న రోజులవి. పాత ఛాంపియన్లు ఒక సంఘంగా చేరి, ఊళ్లో చందాలు పోగుచేసి, ఆనాటి జట్టువాళ్లకి నగరంలోని పెద్దాసుపత్రిలో తల పరీక్షలు చేయిస్తామని ప్రకటించారు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది హాల్లో పేర్లు రాసుకుంటారని చెప్పారు. లూడీ తమ్ముడికి తల దువ్వి, ఇస్త్రీ చొక్కా తొడిగి తీసుకెళ్లింది.

బల్ల వెనక డేల్, పక్కన అతని భార్య మార్లీన్. ఆ తోలు చేతుల జాకెట్ ఇప్పుడు డేల్ పొట్ట మీద బిగుసుకుపోయింది.

"మైలో! నా సానరాయీ!" అని చేతులు చాపాడు డేల్.

"పేరు రాయి డేల్" అంది లూడీ.

డేల్ మొహం ఇబ్బందిగా పెట్టి మార్లీన్ వైపు చూశాడు. మార్లీన్ గొంతు తగ్గించి చెప్పింది. "లూడీ, మైలో అంటే మాకందరికీ ప్రాణం. నీకు తెలుసు. కానీ డబ్బు ఎంతమందికని వస్తుంది? కమిటీ ఒక నియమం పెట్టుకుంది. శుక్రవారం మైదానంలో దిగినవాళ్లకే."

"వారంలో శుక్రవారం ఒక్కటే ఉందా?"

"అది కాదు..."

"మిగతా నాలుగు రోజులూ మీ ఆయన ఎవర్ని గుద్దాడు? గోడనా? చెప్పు డేల్. ఆ బుధవారం వీణ్ణి పడేశావు చూడు, వీడు లేచి పాత ఇంటికి పోయిన రోజు. గుర్తులేదూ?"

డేల్ నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడిపడింది. "ఫైనల్లో నలభై గజాలు పరిగెత్తాను, అది గుర్తుంది" అన్నాడు మెల్లగా. "బుధవారాలు గుర్తులేవు లూడీ."

 లూడీ ఇంకేదో అనబోయింది. అప్పుడు మైలో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఊరుకో అక్కా. సరిగ్గానే చెప్తున్నారు. వాళ్లు ఆడారు, నేను ఆడలేదు."

"నువ్వు మాట్లాడకు!"

"లేదే, రూలంటే రూలే కదా. డేల్, ఏమనుకోకు. అక్కకి ఆట గురించి తెలియదు."

మైలో డేల్ భుజం తట్టి మరీ బయటికి వచ్చాడు. లూడీ డేల్ మీద కోపం అంతో ఇంతో అణుచుకోగలదు. పక్కన ఈలపాట పాడుతూ నడుస్తున్న వీడి మీద కోపాన్ని ఏం చేసుకోవాలి?

తర్వాత తనే కౌంటీ క్లినిక్‌కి తీసుకెళ్లింది. డాక్టరమ్మ కుర్రది, ఓపిగ్గా అన్నీ అడిగింది. "తలకి దెబ్బలేమైనా తగిలాయా? చిన్నప్పుడు ఆటలేమైనా ఆడేవారా?"

"లేదండీ. నేనెప్పుడూ ఆడలేదు" అన్నాడు మైలో.

లూడీ ఆమెకి మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. చెబుతున్నంతసేపూ మైలో తల అడ్డంగా ఊపుతూ, అక్క గోరంతలు కొండంతలు చేస్తోందన్నట్టు డాక్టరమ్మ వైపు చూసి నవ్వాడు. ఇది దెబ్బలతో మెదడు పాడయ్యే జబ్బు కావచ్చనీ, బతికుండగా దాన్ని రూఢిగా చెప్పలేమనీ, మందు కూడా లేదనీ ఆమె చెప్పింది.

మరుసటి ఏడు సెప్టెంబరులో మైలో మైదానానికి గీతలు గీస్తూ మధ్యలో మరిచిపోయాడు. గీసినదాని మీదే ఏటవాలుగా మళ్లీ గీశాడు. తర్వాత గడ్డి కోసే బండి ఎక్కి, కుర్రాళ్లు కసరత్తు చేస్తున్న చోటికి నేరుగా తోలాడు. అందరూ తప్పుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు. ట్రెంట్ స్వయంగా ఇంటికి వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"నన్ను అపార్థం చేసుకోకండి మేడమ్. పిల్లల భద్రత నియమాలు చాలా గట్టిగా ఉన్నాయి. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషిని మైదానంలో ఉంచకూడదు."

లూడీ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. "ఆ నియమం రావడానికి యాభై ఏళ్లు పట్టింది నాయనా" అంది. "వచ్చీ రాగానే వీణ్ణే బయటికి గెంటింది."

ట్రెంట్ చెవులు ఎర్రబడ్డాయి. మంచివాడే. అతను పుట్టకముందు జరిగిన దానికి అతన్నేం అంటుంది?

ఇంట్లో కూర్చున్నాక మైలో ఎక్కువ కాలం ఉండలేదు. మొదట మాటలు పోయాయి, తర్వాత మింగడం మరిచిపోయాడు. మార్చి నెలలో న్యుమోనియా వచ్చి పోయాడు. చర్చిలో శవపేటిక దగ్గరికి కోచ్ టగెట్ చక్రాల కుర్చీలో వచ్చాడు. తొంభై దాటాయి, బుర్ర మాత్రం చాకులా ఉంది. లూడీ చెయ్యి పట్టుకుని, "ఎలాంటి కుర్రాడమ్మా! పడితే..." అన్నాడు.

"ఆపండి కోచ్ గారూ" అంది లూడీ. "ఆ మాట ఇక్కడ అనకండి."

ఆయన తెల్లబోయి చూశాడు. కూతురు కుర్చీ వెనక్కి తిప్పింది.

పూడ్చడానికి ముందే లూడీ ఒక యూనివర్సిటీకి ఫోన్ చేసి తమ్ముడి మెదడు పరీక్షకి ఇచ్చేసింది. చర్చిలో కొందరు తప్పుపట్టారు. నెలలు గడిచాక అక్కడి డాక్టరు ఫోన్‌లో మాట్లాడాడు. జబ్బు ఉంది. దానికి నాలుగు దశలుంటే ఇది మూడోది. పదేపదే దెబ్బలు తిన్న తలల్లోనే ఇది కనిపిస్తుందట. ఎన్ని ఆటలు ఆడాడని ఆయన అడగలేదు. దెబ్బలు ఎన్నేళ్లు తిన్నాడని అడిగాడు. లూడీ చెప్పింది. ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి ఏడ్చింది. దుఃఖంతో కాదు, అంతమందికి తట్టని ప్రశ్న ముక్కూమొహం తెలియని మనిషికి తట్టినందుకు.

ఆ శరదృతువులో మార్లీన్ ఓస్విక్ వచ్చి తలుపు తట్టింది. చిక్కిపోయింది. కూర్చుని చేతిసంచి ఒళ్లో బిగించి పట్టుకుంది.

"డేల్‌కి బాగా లేదు లూడీ. నిన్న నన్ను చూసి ఎవరు నువ్వన్నాడు. ఆస్పత్రివాళ్లు పరీక్షలు చేసి కాగితాలిచ్చారంతే. ఇకపైన ఎలా ఉంటుందో ఎవరూ చెప్పడం లేదు. నువ్వు చూశావు కదా. అందుకని..."

పొమ్మనాలని లూడీకి నోటిదాకా వచ్చింది. కానీ కూర్చుంది. కత్తులు ఎక్కడ దాచాలో, గొళ్లెం తలుపుకి ఎంత పైన బిగించాలో, మింగడం కష్టమైనప్పుడు చారు ఎంత చిక్కగా ఉండాలో, కోపం వచ్చినప్పుడు ఎదురుగా కాక పక్కన ఎందుకు నిలబడాలో, అన్నీ చెప్పింది. మార్లీన్ మధ్యలో ఒకసారి ఏడ్చింది. ఆమె ఆగేదాకా చూసి మళ్లీ అందుకుంది.

"ఆ రోజు చర్చిలో..." అని మొదలుపెట్టింది మార్లీన్ వెళ్లబోతూ.

"దాని సంగతి వద్దు" అంది లూడీ.

పొద్దున్నే చేసిన గసగసాల రొట్టె బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. ఇల్లంతా ఆ వాసనే. మార్లీన్‌కి కాఫీ ఇచ్చింది గానీ, రొట్టె కోసి పెట్టడానికి ఆ గుడ్డ మాత్రం తీయలేదు.